తెల్లబడని రశీదు కావలెను

గడచిన రెండు మాసములలో మేము తిరిగిన గ్రామములయందు విత్తనములను గుఱించి మమ్మడిగినవారికంటె యంత్రములను గుఱించి యడిగినవారే యెక్కువగా నుండిరి. ఒక యూర సహకార సంఘమువారు క్రొత్తగా వచ్చిన కంప్యూటరును చూపి, "అయ్యా, ఇక చిట్టా, ఆవర్జా వ్రాయుట మానివేయవచ్చును గదా?" యనిరి. మఱియొక యూర ఒక రైతు సెల్‌ఫోనుతో బోరు మోటారును నడపు పెట్టెను కొనవచ్చునా యని యడిగెను. ఇంకొక యింట ఒక తల్లి, ఇంటరు చదువుచున్న కుమారుడు ఆటల ఫోను కావలెనని రెండు దినములుగా అన్నము మానినాడనియు, మిరప సొమ్ము చేతికి వచ్చినది గనుక కొనిపెట్టిన తప్పా యనియు మమ్ము నిలదీసినది. ఈ మూడును వేఱువేఱు ప్రశ్నలుగా కనబడినను మాకు ఒక్క ప్రశ్నగానే తోచినవి. కావున మూడింటికిని ఇచ్చటనే బదులు వ్రాయుచున్నాము. మొదటిదానికి మా బదులు ముందుగానే చెప్పివేసెదము: కంప్యూటరు రావలెను, చిట్టా మాత్రము ఇప్పుడే పోరాదు.

మేము కంప్యూటరు శాస్త్రమునందు పండితులము కాము. క్రొత్త విత్తనమును, క్రొత్త పనిముట్టును రైతు పొలములోనే పెట్టి చూపుట మా వృత్తి. ఆ వృత్తిలో మేము నేర్చినది చాల లేదు గాని, నేర్చినదొక్కటి గట్టిగా నేర్చితిమి. ఎంత పేరు మోసిన వంగడమైనను ఉన్న నాలుగెకరములలోను ఒక్కసారిగా వేయుమని మేమేనాడును చెప్పలేదు. పది సెంట్లలో క్రొత్తది వేయుము. దాని ప్రక్కనే అదే నేలలో, అదే నీటితో, అదే యెరువుతో పాతది వేయుము. కోతనాడు రెండింటిని కాటాపై పెట్టుము. ఆమీద మా మాట నీకక్కఱలేదు. యంత్రములకును ఇదే న్యాయమని మా యభిప్రాయము.

మేము చదువుకొన్న మిషను బడిలో 1990 దశకమున ఒక కంప్యూటరు గది యుండెడిది. చెప్పులు బయట విడిచి, కాళ్లు కడుగుకొని, వరుసగా లోపలికి పోవలెను. ఆ బడియంతటిలో చల్లని గాలి వచ్చు గది యదియొక్కటే. యంత్రముమీద పూలు కుట్టిన గుడ్డ కప్పియుండెడిది. ఉపాధ్యాయులు గుడ్డ తీసి, మీట నొక్కి, నల్లని తెరపై పచ్చని యక్షరములు వచ్చిన వెంటనే "చూచితిరి గదా" యని మరల గుడ్డ కప్పెడివారు. ఏడాది పొడుగునను మాలో నెవ్వరును ఒక్క మీటనైనను తాకి యెఱుగరు. ఆదివారపు ప్రార్థనలో గూడ మాకంతటి భయభక్తులు కలుగలేదని యిప్పుడు తలచుకొని నవ్వుకొనుచుందుము.

ఆ గుడ్డ మన సంఘములలో ఇప్పటికిని తొలగిపోలేదు. బల్లమీది గుడ్డ తీసిరి గాని మనసుమీది గుడ్డ అట్లేయున్నది. కాటాను అనుమానించు రైతు కంప్యూటరును అనుమానింపడు. కాటా తక్కువ తూగుచున్నదని తోచినచో ముద్ర గల రాయిని తెచ్చి పళ్లెములో పెట్టి చూచును, కేకలు వేయును, నలుగురిని పిలుచును. కంప్యూటరు బాకీ యెక్కువ చూపినచో తల వంచుకొని యింటికి పోవును. అందులో తప్పు పుట్టుననియే వానికి తోచదు.

ఈ యంత్రము ఎవరో మునులు వరమిచ్చినది కాదు. పనికొఱకు మనుష్యులు చేసినది, నానాట బాగుపఱచినది. 1956లో అమెరికాలోని ఐబియం కంపెనీవారు పద్దులు దాచుటకై చేసిన రామాక్ అను యంత్రములో రెండడుగుల వెడల్పు గల పళ్లెములు ఏబది యుండెడివి. ఆ పళ్లెముల పెట్టె దాదాపు ఒక టన్ను తూగెడిది. అందులో పట్టిన యక్షరములు ఏబది లక్షలు. నేడు గోరంత మెమరీ కార్డు, 64 జీబీ యనునది, 6,400 కోట్ల యక్షరములను పట్టును. (తెలుగక్షరము ఇంగ్లీషు అక్షరమునకు మూడింతల చోటు తీసికొనును. అయినను ఒక సంఘమువారి నూఱేండ్ల చిట్టాలు అందులో ఒక మూలకు వచ్చును.) మన దేశమునకు మొదటి కంప్యూటరు 1955లో కలకత్తాలోని భారత గణాంక సంస్థకు వచ్చినది. తెలుగువారికిని ఈ పని క్రొత్త గాదు. 1967లో హైదరాబాదున స్థాపించిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థలో కంప్యూటర్లను మనవారి చేతులే బిగించినవి.

"ఇది రైతు కొఱకే ప్రత్యేకముగా చేసినాము" అను మాట వినినప్పుడు మేము ఒక యడుగు వెనుకకు వేయుదుము. దానికి కారణము కలదు. ఈ శతాబ్దపు మొదటి సంవత్సరములలో బెంగుళూరు పండితులు కొందఱు సింప్యూటరు అను అఱచేతి యంత్రమును రూపొందించిరి. చదువురాని పల్లెవారికి దేశభాషలలో చదివి వినిపించునట్లు చేయవలెనని వారి సంకల్పము, సంకల్పము మంచిదే. 2004లో అది బజారునకు వచ్చునప్పటికి పల్లెవారు ఎవ్వరి బోధయు లేకుండ సెల్‌ఫోనులు కొనుచుండిరి. సింప్యూటరు అనుకొన్నంతగా వ్యాపింపలేదు. పిదప 2011 అక్టోబరులో విద్యార్థుల కొఱకు ఆకాశ్ అను పలక వెలువడినది. ప్రభుత్వమునకు పడిన ధర 2,276 రూపాయలు. ధర విని దేశమంతయు మురిసినది. కాని మొదటి పలక తెరను గట్టిగా నొక్కినగాని వినదు, చిప్పు నెమ్మది, బ్యాటరీ రెండు మూడు గంటలకు మించి నిలువదు. ఆ మఱుసటి యేట వచ్చిన రెండవ పలకలో ఈ లోపములను చాలవఱకు సవరించిరి. మొదటి యేటనే తొందరపడి కొన్నవారి చేతిలో మాత్రము మొదటి పలకయే మిగిలినది.

ఇక సంఘముల విషయము. 2022 జూన్ నెలలో కేంద్ర ప్రభుత్వమువారు ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములు 63,000 ఎంచి, వానిని కంప్యూటరు లెక్కలలోనికి తెచ్చుటకు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించిరి. పరికరములు కొనుట, పాత పద్దులను యంత్రములోనికి ఎక్కించుట, ఉద్యోగులకు శిక్షణ యిచ్చుట అందులోని పనులు. దేశమందలి సంఘములన్నిటికి లెక్కల తీరు ఒక్కటిగా నుండును. సాయంకాలమగునప్పటికి ఆనాటి మొత్తము తేలును. ఎవరి బాకీ ఎంతో, ఎవరి గడువు ఎన్నడో ఒక్క మీటతో తెలియును. ఇవి చిన్న మేళ్లు కావు. పాత చిట్టా సత్యహరిశ్చంద్రుడని మేమనుట లేదు. గీకి దిద్దిన యంకెలు, మధ్యలో చిరిగిన పుటలు, తనిఖీనాటికి చెదలు తినినవని చెప్పిన పుస్తకములు మన మెఱుగనివి కావు. కంప్యూటరులో ఎవడు, ఏనాడు, ఏ గంటకు అంకెను మార్చినదియు నమోదగునట్లు చేయవచ్చును. చిట్టా ఆ పని చేయలేదు. అందుచేతనే కంప్యూటరు రావలెననుచున్నాము.

అయితే మా యెఱుకలో నొక సంఘమున జరిగిన సంగతి వినుడు. ఊరి పేరు అవసరము లేదు. పాత బాకీలను యంత్రములోనికి ఎక్కించునప్పుడు ఒక వృద్ధ రైతు రెండేండ్లనాడు చెల్లించిన నలుబది వేల రూపాయలు ఎక్కలేదు. ఎక్కించినవాడు కావలెనని చేసినది కాదు. జీతమునకు వచ్చిన కుఱ్ఱవాడు రాత్రింబవళ్లు అంకెలు కొట్టుచు ఒక పుటను దాటివేసినాడు. తాఖీదు ఇంటికి పోగా ముసలాయన ఏమియు తొట్రుపడక, పెట్టెలోని పాలిథీన్ సంచి నుండి రశీదు తీసి బల్లపై పెట్టినాడు. చూడగా కాగితముమీద ఏమియు లేదు. వెనుక ప్రక్క త్రిప్పి చూచిరి; అటును లేదు. చల్దియన్నమువలె తెల్లగా నున్నది.

"తాతా, ఇందులో ఏమీ లేదే" అని కుఱ్ఱవాడనెను.

"కాగితం తెల్లబడితే నేను కట్టిన రూకలు తెల్లబడతాయా బాబూ?" అని ముసలాయన యడిగెను.

దానికి బదులు చెప్పగలవారు ఆ గదిలో లేరు. అదృష్టవశమున పాత చిట్టా బీరువా వెనుక మూటగట్టియుండెను. పాత కాగితముల వానికి అమ్ముటకు ధర గూడ కుదిరియుండెను. వాడు రెండు దినములు ఆలస్యముగా వచ్చుటచే పుస్తకము మిగిలినది. పుట తీసి చూడగా పద్దు ఉన్నది, ముసలాయన వేలిముద్రయు ఉన్నది. ఆ కాగితములవాడు చెప్పిన దినముననే వచ్చియుండినచో ఏమి జరిగియుండునో మేము వ్రాయనక్కఱలేదు.

రశీదు తెల్లబడుటలో మాయ లేదు. బస్సు టిక్కెట్టు కొట్టునట్టి చిన్న పెట్టెలలో సిరా యుండదు. కాగితమునకే ఒక మందు పూసియుందురు. పెట్టెలోని వేడి సూదులు తగిలినచోట ఆ మందు నల్లబడి అక్షరమగును. వేడిచే పుట్టిన యక్షరము ఎండకును, వేడికిని, నూనె చేతికిని, ప్లాస్టిక్ సంచిలోని పదార్థములకును క్రమముగా వెలిసిపోవును. మన రేకుల యిండ్లలో వైశాఖమాసమున ఇనుప పెట్టె లోపల ఎంత వేడి యుండునో రైతులకు వేఱుగ చెప్పవలయునా? బస్సు టిక్కెట్టు ఊరు చేరువఱకు నిలిచిన చాలును. బాకీ రశీదు పదియేండ్లు నిలువవలెను. కావున సంఘములో రశీదుల కొఱకు సూదులతో సిరా పట్టీని కొట్టునట్టి డాట్ మాట్రిక్స్ ప్రింటరునైనను, లేజరు ప్రింటరునైనను పెట్టవలెను. మొదటిది చప్పుడు చేయును, నెమ్మదిగా నడచును, చూచుటకు పాతకాలపుది. కాని కార్బను కాగితము పెట్టిన ఒకే దెబ్బకు రెండు ప్రతులు వచ్చును, ఒకటి రైతునకు, ఒకటి సంఘమునకు. క్రొత్తదన్న మోజుచే దీనిని పాత సామానులలో పడవేసి చిన్న పెట్టెను తెచ్చిన సంఘములను మేము చూచితిమి. ఇప్పటికే అట్టి రశీదులు మీయొద్ద నున్నచో ఈ మాసములోనే జిరాక్సు తీయించి, దానిపై కార్యదర్శి సంతకము, సంఘపు ముద్ర వేయించుకొనుడు.

ఇది నలుబది వేల మాట మాత్రమే కాదు. పంట ఋణమును గడువులోపల చెల్లించినవారికి వడ్డీలో నూటికి మూడు రూపాయల తగ్గింపు కలదు. ఏడు పాళ్ల వడ్డీ నాలుగు పాళ్లకు దిగును. 2025-26 సంవత్సరమునకు గూడ దీనిని కొనసాగించిరి. ఈ తగ్గింపంతయు రశీదుమీది తేదీని బట్టియే గదా. తేదీ వెలిసిపోయినచో, లేక ఎక్కించినవాడు 3కు బదులు 8 కొట్టినచో, గడువు దాటినట్లే యంత్రము చెప్పును. అది అడిగినదానికి బదులు చెప్పును గాని, నీ ముఖము చూచి యాలోచింపదు.

రశీదు తెలుగులో నుండవలెననునది మా రెండవ కోరిక. "కంప్యూటరులో ఇంగ్లీషే వచ్చును" అని ఒక చోట మాకు చెప్పిరి. ఇది నిజము కాదు. ప్రపంచములోని లిపులన్నిటికిని అంకెలు కేటాయించిన యూనికోడ్ పద్ధతిలో 1991లో వెలువడిన మొదటి ప్రతిలోనే తెలుగునకు చోటు కలదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతోనే గౌతమి యను తెలుగు ఖతి వచ్చినది. పాతికేండ్లు గడచిన పిమ్మటను తెలుగు రాదనుట యంత్రము మాట గాదు, మనిషి బద్ధకము. అసలు, వడ్డీ, చెల్లించినది, నిలువ, తేదీ: ఈ అయిదు మాటలు తెలుగులో నున్న చాలును, వ్రేలు పెట్టి చదువుకొనువాడు గూడ చదువుకొనును.

మూడవది, ముఖ్యమైనది. ఒక సార్వా, ఒక దాళ్వా, అనగా రెండు పంటలు పూర్తియగువఱకు కంప్యూటరు ప్రక్కన చిట్టాను గూడ వ్రాయవలెను. శనివారమునాడు రెండింటి మొత్తములను పాలకవర్గములో నొకరు సరిచూచి సంతకము చేయవలెను. తేడా వచ్చినచో ఏది తప్పో వెదకి, తప్పును వేఱొక పుస్తకములో వ్రాయవలెను. కంప్యూటరు తప్పులు ఎన్నో, చిట్టా తప్పులు ఎన్నో రెండు పంటలలో తేలిపోవును. చిట్టా తప్పులే యెక్కువయని తేలునని మా యూహ! తేలనిండు. అప్పుడు పుస్తకమును మూయుటకు సభ్యులు తామే చేయెత్తుదురు. ఇది కార్యదర్శికి రెట్టింపు పని యగునని మేమెఱుగనిది కాదు. ఆ రెండు పంటల కాలము ఊరిలో చదువుకొన్న పిల్లవానికి కొంత కూలి యిచ్చి సహాయము పెట్టుకొనుట నలుబది వేల తగాదాకంటె చౌక.

పరికరములను గూర్చి నాలుగు మాటలు. యంత్రమును పెట్టు గదికి సరియైన ఎర్తింగు లేకున్న ఎంత ఖరీదైనది తెచ్చినను దండుగ. లోపల త్రిరుగు పళ్లెము గల హార్డ్ డిస్కుకంటె కదలిక లేని ఎస్.ఎస్.డి. మన దుమ్మునకును, కుదుపునకును మేలు. యు.పి.ఎస్. బ్యాటరీని కిటికీ ఎండలో పెట్టకుడు. వేడి పది డిగ్రీలు పెరిగిన దాని యాయువు దాదాపు సగమునకు పడిపోవును. లెక్కల నకలును ప్రతి వారము వేఱొక డిస్కులోనికి తీసి సంఘపు గదిలో గాక వేఱొక కప్పు క్రింద దాచవలెను. గది కాలినను, దొంగ వచ్చినను రెండును ఒక్కమాఱు పోరాదు. పాత కంప్యూటరు గల సంఘములవారు ఇంకొకటి గమనింపవలెను. విండోస్ 10కు ఇచ్చుచుండిన ఉచిత రక్షణ మరమ్మతులు 2025 అక్టోబరు 14వ తేదీతో ఆగినవి. పాత చిప్పులు గల యంత్రములు అనేకము విండోస్ 11ను అంగీకరింపవు. "అయితే క్రొత్తది కొనవలసినదే" అని దుకాణదారుడు చెప్పును. కొనకముందు లినక్స్ అను ఉచిత పద్ధతిని వేసి చూడుడు. మన దేశములోనే సీ-డాక్ సంస్థవారు తెలుగు గూడ నడచునట్లు బాస్ అను లినక్సును చేసియున్నారు. పైగా 2025 చివరి మాసములలో మెమరీ చిప్పుల ధరలు ఒక్కపెట్టున పెరిగినవి. కృత్రిమ మేధ కొఱకు కట్టుచున్న మహా యంత్రశాలలు చిప్పులను మూటలుగా కొనుచుండుటయే ఇందుకు కారణము. మన గ్రామపు సంఘము వారితో పోటీపడి కొనవలసిన పని లేదు; ఉన్న యంత్రము నడచుచున్నచో దానినే నడపుకొనుట మేలు.

పొలములోని పెట్టెలకు వచ్చెదము. సెల్‌ఫోనుతో మోటారును నడపు స్టార్టరును మేము కాదనము. అర్ధరాత్రి కరెంటు వచ్చినదని గట్లవెంట పరుగెత్తి పాముకాటు తినిన కుటుంబములను మేము పరామర్శించితిమి. ఇంట కూర్చుండి ఫోనుతో మోటారు వేయగలుగుట అట్టివారికి ప్రాణరక్షణ. అయితే కొనునప్పుడు రెండు ప్రశ్నలడుగుడు. ఒక ఫేజు పోయినప్పుడును, బోరులో నీరు తగ్గినప్పుడును అది మోటారును తనంతట ఆపునా? అందులో ఏ సిమ్ము పట్టును? ఈ పెట్టెలలో పాతవి పెక్కులు టూజీ సంకేతమునకే పలుకును. జియో సిమ్ములో టూజీ లేదు. ఇది తెలియక కొని, గోడకు మేకు కొట్టి తగిలించి దండము పెట్టుచున్నవారు కలరు. ఇంకొక సంగతి. తెలంగాణమున 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు ఇరువది నాలుగు గంటల కరెంటు ఇచ్చునప్పుడు, ఆటోస్టార్టర్లను తీసివేయుడని ప్రభుత్వమే రైతులను బ్రతిమాలవలసి వచ్చినది. కరెంటు ఉన్నంతసేపు మోటారు తనంతట తిరుగుచుండిన భూమిలోని నీరు ఏమగును? యంత్రము చక్కగా పనిచేయుటయు ఒక్కొక్కప్పుడు చిక్కే. దానిని ఆపు చేయి ఒకటి యుండవలెను.

ఆకును ఫోటో తీసిన తెగులు పేరు చెప్పునట్టి ఫోను విద్యలు మా వృత్తికే పోటీ గనుక మేము పక్షపాతముతో వ్రాయుదుమని కొందఱనుకొనవచ్చును. కావున మా మాట వలదు; దానిని చేసినవారి మాటయే చెప్పెదము. 2016లో ముగ్గురు శాస్త్రజ్ఞులు 54,306 ఆకుల ఫోటోలతో, పదునాలుగు పంటల ఇరువదియాఱు తెగుళ్లను యంత్రమునకు నేర్పి ఫలితమును ప్రకటించిరి. ఆ ఫోటోల తీరులోనే తీసిన వేఱు ఆకులను చూపగా నూటికి 99.35 సరిగా చెప్పినది. బయట వేఱు వెలుతురులో, వేఱు తీరున తీసిన ఫోటోలను చూపగా 31.4 మాత్రమే. దాచక ఈ రెండవ అంకెను గూడ వారే ప్రకటించుట వారి పెద్దతనము. అటుపిమ్మట ఈ విద్య ఎంతో ముందుకు పోయినది. అయినను ప్రదర్శనలో మీకు చూపునది మొదటి అంకె. మీ పొలములో మీకు దొరకునది రెండవదానికి దగ్గఱగా నుండవచ్చును. ఫోను చెప్పినదని మందు డబ్బా మూత తీయకముందు, తెగులు సోకిన ఆకును, మంచి ఆకును రెండింటిని తెచ్చి రైతు సేవా కేంద్రములోనో, మాకో చూపుడు. మేమును తప్పు చెప్పుదుము. కాని మమ్ము నిలదీసి యడుగవచ్చును.

ఇక ఆటల ఫోను. ఆటయనగానే మండిపడు పెద్దలతో మేము ఏకీభవింపము. 1962లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యార్థులు లక్ష డాలర్లకు పైబడిన పి.డి.పి.-1 అను కంప్యూటరుమీద స్పేస్‌వార్ అను ఆటను కట్టి యాడుకొనిరి. ఆ యంత్రము ఏమి చేయగలదో ఆ ఆటవలననే చాలమందికి తెలిసినది. తరువాత ఆటల బొమ్మలు వేగముగా కదలుటకై ప్రత్యేకమైన చిప్పులు చేసిరి. 2012లో టొరంటో విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు, బజారులో ఆటగాండ్రు కొనునట్టి కార్డులు రెంటిని తెచ్చి, ఫోటోలను గుర్తుపట్టుట యంత్రమునకు నేర్పిరి. వారిలో నొకరైన జెఫ్రీ హింటన్ గారికి 2024లో నోబెలు బహుమానము వచ్చినది. ఇందాక చెప్పిన ఆకుల ఫోటోల విద్య ఆ చెట్టు కాయయే. ఆటను తిట్టునప్పుడు దీనిని గూడ తలచుకొనవలెను.

ఆ తల్లితో మేము చెప్పినది ఇది. "అమ్మా, కొనరాదని చెప్పము. పంట సొమ్ములోనుండి వచ్చు పంటకు కావలసిన విత్తనము, ఎరువు, కూలి ముందు తీసి వేఱుగ పెట్టుము. సంఘపు బాకీ గడువులోపల కట్టుము. మిగిలినదానిలో కొనుము. వాయిదాలమీద మాత్రము కొనకుము." పిల్లవానితో చెప్పినది వేఱు. ఫోనులో ఇతరులు చేసిన ఆటను ఆడవచ్చును గాని, ఆటను తానే చేయుటకు మీటల పలక గల కంప్యూటరు మేలు. 2012 ఫిబ్రవరి 29వ తేదీన ఇంగ్లండులో రాస్ప్‌బెరీ పై అను చిన్న కంప్యూటరు వెలువడినది. తపాలా కార్డుకంటె చిన్నది, 35 డాలర్లది. పిల్లలు ప్రోగ్రాములు వ్రాయ నేర్వవలెననియే దానిని చేసిరి. ఇంటిలోని టీవీకి తగిలించి, మీటల పలక పెట్టుకొనిన చాలును. మెమరీ ధరలవలన ఇటీవల దానికిని వెల పెరిగినది. అయినను ఆటల ఫోను ధరలో చిన్న భాగమే. పిల్లవాడు వినుచున్నట్లే యుండెను. మనసులో ఏమనుకొనెనో తెలియదు. ఆనాటి రాత్రి అన్నము మాత్రము తినినాడని తల్లి పిదప కబురు చేసినది.

డబ్బు పందెపు ఆటల మాట వేఱు. వానిని ఆటలని మేము పిలువము. తెలంగాణమున 2017లోను, ఆంధ్రప్రదేశమున 2020లోను వానిని నిషేధించిరి. 2025 ఆగస్టులో పార్లమెంటు గూడ చట్టము చేసినది. అయినను పిల్లవాని ఫోనులోనికి అవి వేఱువేఱు పేర్లతో వచ్చుచునేయుండును. బ్యాంకు సందేశములు వచ్చు ఫోనును, పిల్లవాడు ఆడుకొను ఫోనును ఒక్కటిగా నుంచకుడు.

వచ్చు మహాజన సభలో చిట్టాను ఆపివేయు తీర్మానమును మా ప్రాంతపు రెండు సంఘములలో పెట్టబోవుచున్నారని తెలిసినది. ఆ తీర్మానమును రెండు పంటలవఱకు వాయిదా వేయుడని మేము సభ్యులను కోరుచున్నాము. సభకు వచ్చునప్పుడు ప్రతి సభ్యుడును ఇంటిలోని రశీదులన్నింటిని వెంట తెచ్చుకొనవలెను. తెల్లబడినవి ఒక ప్రక్క, చదువవచ్చునవి ఒక ప్రక్క బల్లపై పెట్టుడు. పాత చిట్టా ఎచ్చటనున్నదో కార్యదర్శిని అడిగి, దానిని గూడ ఆ బల్లపైకే తెప్పించుడు.